హాలోరన్ లోయలో మోగే ఫోన్

చీకటి పడ్డాక హాలోరన్ లోయలో ఫోన్ మోగితే ఎత్తకూడదు.

బీచర్ ఊరి నుంచి ఉత్తరంగా పోయే కంకర రోడ్డు మీద తిరిగేవాళ్ళలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ముప్ఫై ఎనిమిది మైళ్ళ దారి. సగం పోయాక రోడ్డు ఒక్కసారిగా కిందికి జారి, రెండు మట్టిగుట్టల మధ్య మెలిక తిరిగి, మళ్ళీ పైకెక్కుతుంది. ఆ పల్లమే హాలోరన్ లోయ. అక్కడ సిగ్నల్ ఉండదు. ఒక గీత కాదు, అర గీత కాదు... అసలుండదు. ఇవతలి గుట్ట దిగాక అవతలి గుట్ట ఎక్కేదాకా చేతిలో ఫోన్ ఒట్టి గడియారమే.

అలాంటి చోట ఫోన్ మోగుతుంది.

ఒక్కసారే. అదీ మెలిక దగ్గరే. తెర మీద పేరుండదు, నంబరుండదు... ‘తెలియని నంబరు’ అని మాత్రం పడుతుంది. ఎత్తితే గాలి హోరు. ఆ హోరు వెనక ఎవరో ఊపిరి పీల్చుకుని, మాట మొదలుపెట్టబోయినట్టు ఒక చిన్న చప్పుడు... అంతే. తెగిపోతుంది.

ఎండుగడ్డి లారీ నడిపే వెండెల్‌కి మోగింది. ఆరడుగుల మనిషి, ఆ వారమంతా దీపం ఆర్పకుండా పడుకున్నాడు. ఉత్తరాలు పంచే ఎథెల్‌కి రెండుసార్లు మోగింది. రెండోసారి ఆవిడ ఫోన్‌ని కిటికీలోంచి మంచులోకి విసిరేసి, మర్నాడు పట్టపగలు వెళ్ళి వెతికి తెచ్చుకుంది. ఆ తర్వాత లోయ దిగేముందు అందరూ ఫోన్లు తీసి, డాష్‌బోర్డు అరలో పడేసి, మూత వెయ్యడం మొదలుపెట్టారు.

ఆ ఫోన్ చేసేది ఆర్డిస్ అని అందరూ అన్నారు.

అనరా మరి? నోర్వల్ హౌగ్ పెళ్ళాం ఆర్డిస్ చచ్చిపోయింది ఆ మెలిక దగ్గరే. రెండేళ్ళ కిందట, మార్చి నెలలో, బుధవారం సాయంత్రం. చర్చిలో పాటల సాధన ముగించుకుని ఇంటికొస్తుంటే మంచు తుఫాను ముంచుకొచ్చింది. మెలిక దాటి యాభై అడుగుల దూరంలో బండి పక్క కాలవలోకి జారింది. ఈ ప్రాంతంలో పెరిగిన మనిషి గనక, దిగి నడిస్తే మంచులో దారి తప్పడమేనని తెలిసి బండి దిగలేదు. చెయ్యవలసినట్టే అన్నీ చేసింది. పెట్రోలు అయిపోయేదాకా ఇంజను నడిపింది. దుప్పటి కప్పుకుంది. ఫోన్ చేసింది.

మర్నాడు మధ్యాహ్నం మంచు తోడి తలుపు తీస్తే, ఫోన్ ఆవిడ చేతిలోనే ఉంది. పదకొండుసార్లు ప్రయత్నించింది. రెండు అత్యవసర నంబరుకి. మిగతా తొమ్మిదీ ఇంటికి.

ఒక్కటీ పోలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఇది నోర్వల్ ఎవరి దగ్గరా దాచలేదు. ఆ ఏడు ఫిబ్రవరి మొదట్లో ఆర్డిస్ తన బండికని సిగ్నల్ పెంచే పెట్టె ఒకటి తెప్పించుకుంది. బూస్టర్ అంటారు. బండి కప్పు మీద యాంటెనా, సీటు కింద పెట్టె, లోపల ఒక చిన్న పలక. బయట సన్నగా వచ్చే సిగ్నల్‌ని పట్టి, పెంచి, బండి లోపలున్న ఫోన్‌కి అందిస్తుంది. ఆవిడ నెల్లాళ్ళు కూర్చుని అన్నీ చదివి, ఏది మంచిదో ఎంచుకుని మరీ తెప్పించింది. తీరా పెట్టె వచ్చాక, యాంటెనా కింద అయస్కాంతం బండి మీద నిలవలేదు. అది కొత్త పికప్. ఒళ్ళంతా అల్యూమినియం. పెడితే జారి కింద పడుతోంది.

“కప్పు మీద ఇనుప పలక అంటించాలిట. తెప్పిస్తాను,” అంది ఆర్డిస్.

“అదొచ్చేదాకా నా బండికి పెట్టుకుంటాలే. ఆవులు ఈనుతున్నాయి, పశువుల డాక్టర్ని పిలవాలంటే గుట్ట ఎక్కి చావాల్సొస్తోంది,” అన్నాడు నోర్వల్.

ఆయనది పాత ఇనుప బండి. అయస్కాంతం టక్కున పట్టేసింది.

వారంలో ఇనుప పలక వచ్చింది. షెడ్డులో పనిబల్ల మీద పెట్టాడు. ఆవులు ఈనుతూనే ఉన్నాయి. ఆవిడ రెండుసార్లు అడిగింది. రెండోసారి ఆయన నవ్వాడు కూడా. “నీ దార్లో ఉన్నది హాలోరన్ లోయే కదే! అక్కడ సున్నా. సున్నాని వందతో గుణిస్తే ఎంత? నువ్వే చెప్పు, లెక్కల టీచరువి.”

ఆరు వారాలు ఆ పలక బల్ల మీదే ఉంది.

అంత్యక్రియలయ్యాక చర్చి నేలమాళిగలో కాఫీలు తాగుతూ ఊరంతా ఆయన చుట్టూ చేరి అదే మాట అన్నది. నీ తప్పేం లేదు నోర్వల్. ఆ పెట్టె ఆవిడ బండిలో ఉన్నా ఒరిగేదేం లేదు. అక్కడ సిగ్నలే లేదుగా!

ఆ ఒక్క మాట పట్టుకునే ఆయన బతికాడు. బూస్టర్ని మాత్రం కంటితో చూడలేకపోయాడు. సుత్తి పెట్టి చితక్కొట్టి పశువుల చెరువులో పారేశాడు.

తర్వాత లోయలో ఫోన్లు మోగడం మొదలైంది. అంతకుముందూ మోగేవేమో, ఎవరికి తెలుసు... మనకి తెలిసిన మనిషి అక్కడ చచ్చిపోతేనే కదా చెవులు రిక్కించుకుని వినేది!

అందరికీ మోగింది. నోర్వల్‌కి మోగలేదు.

ఆయన ఫోన్‌ని అరలో పడెయ్యలేదు. సీటు మీద పెట్టుకుని, మెలిక దగ్గర బండి నెమ్మది చేసి, రోజూ ఆ దారినే పోయాడు. పని లేకపోయినా పోయాడు. వెండెల్‌కి చేస్తుంది. ఎథెల్‌కి చేస్తుంది. ఎక్కడో తూర్పు నుంచి ఆవుల్ని కొనడానికొచ్చిన ముక్కూమొహం తెలియనివాడికి చేసింది. ముప్ఫై నాలుగేళ్ళు కాపురం చేసిన మొగుడికి చెయ్యదు. పిల్లల్లేరు, ఆవిడకి ఆయన, ఆయనకి ఆవిడ. చివరి గంటల్లో తొమ్మిదిసార్లు ఇంటికి చేసిన మనిషి, ఇప్పుడెందుకు చెయ్యదు?

కోపమా?

కాదు, ఆర్డిస్‌కి అంత కోపం నిలవదు... అలా తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. చేస్తూనే ఉండి ఉంటుంది. తన ఫోనే పాతది, అందుకోలేకపోతోంది. ఆ ఆలోచన ఒకసారి తలకెక్కాక ఇంక దిగలేదు. రెండో ఏడు నవంబరులో బీచర్ వెళ్ళి, రైతుల సహకార దుకాణంలో సామాన్లమ్మే జోనెల్ ముందు నిలబడ్డాడు.

“బండికి పెట్టుకునే బూస్టర్ కావాలమ్మాయ్. అన్నిటికన్నా బలమైంది.”

జోనెల్ రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టింది. “ఇది తొట్టి లాంటిది నోర్వల్ గారూ. ఫోన్ ఇందులో కూర్చోబెడితేనే పనిచేస్తుంది, అదీ ఒక్కదానికే. ఇదేమో పెద్దది. బండిలో ఎంతమంది ఎక్కితే అంతమందికీ వస్తుంది. యాంటెనా కూడా పొడుగుది, అడుగున స్ప్రింగు. దేనికైనా తగిలినా వంగి లేస్తుంది.”

“పెద్దదే ఇవ్వు.”

“పై యాంటెనాకీ లోపలి పలకకీ ఎంత ఎడముంటే అంత మంచిది. మరీ దగ్గర పెట్టారనుకోండి, రెండూ వాటిల్లో అవే మాట్లాడుకుని పెట్టె ఆగిపోతుంది. ఎర్రదీపం వెలుగుతుంది. పచ్చదీపం ఉంటే బాగున్నట్టు.” ఆగి, ఆయన మొహంలోకి చూసింది. “ఎక్కడ వాడతారు?”

“ఆవులు ఈనే కాలం వస్తోందిగా.”

దానికింకా మూడు నెలలుంది. జోనెల్ ఆ మాట అనలేదు.

“ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇది ఉన్నదాన్నే పెంచుతుంది. లేనిదాన్ని తీసుకురాదు. పనిచెయ్యలేదని మళ్ళీ మోసుకొచ్చి నన్ను తిట్టకండి.”

లేనిదాని కోసమే కొంటున్నానమ్మా... అనబోయి, మింగేశాడు నోర్వల్.

“మీ పాత బండికేగా?”

“కాదు. ఆర్డిస్ బండికి.”

జోనెల్ చేతులు డబ్బా మీద ఆగిపోయాయి. “అయితే... ఇనుప పలక కావాలి,” అంది మెల్లగా.

“ఉంది. ఇంట్లో ఉంది.”

వచ్చిన కవరులోనే, బల్ల మీద, దుమ్ము పట్టి ఉంది. ఆయన కప్పు నడిమధ్య శుభ్రంగా తుడిచి, పలక అంటించి, దాని మీద యాంటెనా పెట్టాడు. టక్కున పట్టింది. తీగని తలుపు సందులోంచి లోపలికి లాగి, పెట్టెని సీటు కిందకి తోసి, ప్లగ్గు సాకెట్టులో గుచ్చాడు. పచ్చదీపం. చేతి గడియారం చూసుకున్నాడు.

పావుగంట పట్టింది.

పావుగంట పని... ఆరు వారాలు. షెడ్డులో బండి చక్రానికి ఆనుకుని నేల మీద కూలబడి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు నోర్వల్. చాలాసేపు లేవలేకపోయాడు.

ఆ కాలంలో నాలుగున్నరకే పొద్దుపోతుంది. ఆయన లోయ దిగేసరికి కటిక చీకటి. మెలిక అవతలికి పోయి బండి వెనక్కి తిప్పుకుని, ఆర్డిస్ వచ్చిన వైపు నుంచే మెలిక దాటి యాభై అడుగులు పోయి, రోడ్డు అంచున, ఆర్డిస్ బండిని ఆర్డిస్ ఆగిన చోటే ఆపాడు. ఇంజను నడుస్తూనే ఉంది. ఫోన్ తీసి రెండు చేతుల్లోనూ పట్టుకున్నాడు.

ఏమీ లేదు...

ఏమీ లేదు...

ఒక గీత.

కాసేపటికి రెండో గీత.

“వచ్చింది ఆర్డిస్,” అన్నాడు గుసగుసగా. “దారి తీశాను. చెయ్యి.”

ఆరయింది. బయట గాలి యాంటెనాని ఊపుతోంది, స్ప్రింగు కిర్రుమంటోంది. ఆ చప్పుడుకి రెండుసార్లు ఉలిక్కిపడ్డాడు. ఫోన్ మోగలేదు. ఆరుంబావయింది. రెండు గీతలూ అలాగే ఉన్నాయి.

“కోపంగా ఉంటే తిట్టవే. తిట్టడానికైనా చెయ్యి. పలక అంటించానని చెప్దామనుకుంటున్నాను... అంతే. ఇంకేం అడగను.”

ఫోన్ మోగలేదు.

ఆరున్నరకి వెనక గుట్ట మీద దీపాలు కనపడ్డాయి. బండి ఒకటి కిందికి దిగి, మెలిక తిరిగి, ఒక్కసారిగా కీచుమని ఆగింది. చాలాసేపు అందులోంచి ఎవరూ దిగలేదు. ఈ దారిలో చలికాలం ఆగి ఉన్న బండిని పలకరించకుండా దాటిపోయే మనిషి పుట్టలేదు. కానీ ఆగి ఉన్నది ఆర్డిస్ బండి... ఆర్డిస్ చచ్చిన చోట... లోపల పచ్చటి వెలుగు.

చివరికి ఎవరో టార్చిలైటు వేసుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, అద్దం మీద వేలితో కొట్టారు.

డెల్మర్. ఉత్తరం వైపు నోర్వల్‌కి పక్క పొలం వాడు.

“నువ్వా! పై ప్రాణాలు పైనే పోయాయి కదయ్యా! ఈ బండి వేసుకుని, ఈ చోట, ఈ చీకట్లో... మనిషివేనా నువ్వు?” అంటూ పక్కసీట్లోకి ఎక్కి, చేతులు వేడిగాలికి పెట్టాడు. “చెడిపోయిందా?”

“లేదు.”

డెల్మర్ పచ్చదీపం చూశాడు. నోర్వల్ చేతుల్లో ఫోన్ చూశాడు. అర్థమై, గడ్డం గోక్కున్నాడు. “ఇంటికి పోదాం పద పెద్దాయనా. మా కొలీన్ వండింది తిందువుగాని...”

అప్పుడు మోగింది.

నోర్వల్ చేతిలోది కాదు. డెల్మర్ కోటు జేబులోది. మామూలుగా లోయ దిగేముందు అరలో పడేసేవాడు, ఆవేళ మర్చిపోయాడు. పాము మీద పడ్డట్టు బయటికి లాగాడు. తెర మీద ‘తెలియని నంబరు’.

ఒకసారి మోగి ఆగలేదు. రెండు... మూడు... ఆగడం లేదు.

“ఎత్తకు!” అన్నాడు డెల్మర్, ఫోన్ తన చేతిలోనే ఉన్నా.

నోర్వల్ లాక్కున్నాడు. రెండేళ్ళు ఎదురుచూసిన మనిషి, ఆగుతాడా?

“ఆర్డిస్?”

హోరు. హోరు వెనక ఊపిరి పీల్చుకున్న చప్పుడు. ఈసారి తెగలేదు. దాని వెంట ఆడగొంతు.

“ఎక్కడున్నావ్?”

నోర్వల్ ఫోన్ చెవికి అదుముకున్నాడు. “ఇక్కడే... ఇక్కడే ఉన్నానే. లోయలో. నీ బండిలోనే ఉన్నాను. పలక అంటించాను ఆర్డిస్, ఇవాళే అంటించాను...”



“ఎవరండీ?” అంది గొంతు, భయంగా. “డెల్ ఏడి? ఏమైంది డెల్‌కి? నేను కొలీన్‌ని.”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. అవి తెరవడానికి చాలా కష్టపడవలసి వచ్చింది.

“నోర్వల్‌ని అమ్మా. కంగారు పడకు. డెల్మర్ నా పక్కనే ఉన్నాడు. బయల్దేరుతున్నాడు.”

“అయ్యో నోర్వల్...” ఆ పిల్ల ఆయన పిలిచిన పేరు విన్నది. గబగబా ఇంకేదో మాట్లాడింది. “కూర మాడిపోతోందని చేశాను. రోజూ ఈ వేళకే చేస్తాను. సగం రోజులు అందదు, సగం రోజులు ఒక్కసారి మోగి తెగిపోతుంది. ఒక్కనాడూ ఎత్తడు మహానుభావుడు! ఇవాళ ఎత్తాడు గదా అనుకున్నాను...”

ఫోన్ డెల్మర్‌కి ఇచ్చేశాడు. అతను రెండు మాటలు మాట్లాడి పెట్టేశాడు. తర్వాత తొడ చరుచుకున్నాడు.

“మా ఇంటి ఫోనా! ఆ పాత గోడ ఫోన్ల నుంచి చేస్తే నంబరు పడదు కదూ, ఆ సంగతే తట్టలేదు చూడు! నా పెళ్ళాం కూటికి పిలుస్తుంటే దెయ్యమని రెండేళ్ళు అరలో పడేశానా నేను? ఎథెల్‌కి వాళ్ళక్క, వెండెల్‌కి వాళ్ళమ్మ! ఆ గుట్టల సందులోంచి ఎక్కడిదో సిగ్నల్ రవ్వంత జారి వస్తోందన్నమాట. ఒక్క క్షణం మోగి, బండి ముందుకు పోగానే తెగిపోతోంది... రేపు పొద్దున కాఫీ దగ్గర ఈ మాట చెప్తే, వెండెల్ మొహం చూడాలి నేను!”

కడుపు పట్టుకుని నవ్వాడు. ఒక్కడే నవ్వుతున్నాడని తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

నోర్వల్ తన ఫోన్ వంక చూస్తున్నాడు.

“నాకెందుకు మోగలేదో తెలిసింది డెల్. నాకు చేసే మనిషి ఒక్కతే.”

డెల్మర్ టార్చిలైటు ఆర్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఆవిడ బండి దొరికింది ఇక్కడే కదా.”

“...ఇక్కడే.”

“రెండు గీతలున్నాయి.” ఫోన్ అతని వైపు తిప్పాడు. “చూడు. నువ్వు మాట్లాడావు కదా ఇప్పుడు. బాగానే వినపడింది కదా. ఆరు మైళ్ళ దూరంలో మీ ట్రాక్టరుంది. మా ట్రాక్టరుంది. నేను ఫోన్ పక్కనే కూర్చుని ఉన్నాను ఆ రాత్రి. ఆ పెట్టె ఈ బండిలో ఉండుంటే... సున్నా అన్నాను ఆవిడతో. నవ్వాను కూడా.”

డెల్మర్ నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. చర్చి నేలమాళిగలో ఈయన భుజం మీద చెయ్యి వేసి, అక్కడ సిగ్నలే లేదుగా అన్నవాళ్ళలో తనూ ఒకడు. అందరికన్నా ముందు అన్నది తనే. ఇప్పుడేమనాలి? మనిషికి మిగిలిందే ఆ ఒక్క మాట. అది కూడా తన ఫోనే లాగేసుకుంది.

వంగి, సాకెట్టులోంచి ప్లగ్గు పీకేశాడు.

పచ్చదీపం ఆరిపోయింది. తెర మీద ఒక గీత పోయింది. రెండోదీ పోయింది.

“ఏది, ఎక్కడుంది?” అన్నాడు డెల్మర్ చీకట్లో. “ఇక్కడ సిగ్నల్ లేదు నోర్వల్. ఎప్పుడూ లేదు.”

మర్నాడు పొద్దున బీచర్‌లో కాఫీ బల్ల దగ్గర ఎప్పుడూ చేరేవాళ్ళే చేరారు. వెండెల్, ఎథెల్, ఇంకా నలుగురు. గోడ పక్కన నోర్వల్. డెల్మర్ కుర్చీ లాక్కుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“నిన్న లోయలో నాకు మోగింది,” అన్నాడు. “ఎత్తాను.”



“ఎవరు?” అంది ఎథెల్, గొంతు తగ్గించి.

“ఇంకెవరు... ఆర్డిస్సే.”

వెండెల్ ముందుకు వంగాడు. “ఏమంది?”

ఆ ప్రశ్నకి నోర్వల్ కూడా తలెత్తాడు. అబద్ధమని తెలిసిన మనిషి... అయినా తలెత్తాడు. డెల్మర్ ఆయన వంక చూడకుండా కాఫీలోకి చూస్తూ జవాబు చెప్పాడు.

“ఏం వినపడుతుంది? అక్కడ సిగ్నలే లేదు కదా.”

అందరూ నిట్టూర్చారు. ఎథెల్ చెయ్యి చాచి నోర్వల్ మణికట్టు మీద వేసి, రెండేళ్ళ కిందటి మాటే మళ్ళీ అంది. నీ తప్పేం లేదు నోర్వల్.

ఆయన కప్పు ఎత్తబోయి, కాఫీ బల్ల మీద ఒలకబోసుకున్నాడు. రుమాలు తీసి మెల్లగా తుడిచాడు.

“అవును,” అన్నాడు. “అక్కడ ఏమీ లేదు.”